తీగతో కట్టారు, స్క్రూలు వేయలేదు: డాక్టరు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎనిమిది నెలల కింద మా నాన్న బత్తాయి తోటలో ట్రాక్టర్ దిగుతూ జారి మోకాలి మీద పడ్డారు. చిప్ప రెండు ముక్కలైంది. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తీగతో కట్టారు. ఎముక అతికింది గానీ తీగ కొస చర్మం కింద గుచ్చుకుంటోంది. హైదరాబాద్ డాక్టరు చూసి, "స్క్రూలు వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు, తీగ తీసేయాలి" అన్నారు. మొదటి డాక్టరు మీద కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ "స్క్రూలు వేయలేదు" అన్న ఒక్క మాట మీద వేస్తే నిలవదు.

మీ నాన్నగారికి చేసింది టెన్షన్ బ్యాండ్ వైరింగ్ అయి ఉంటుంది. రెండు సన్నని పిన్నులు దింపి, వాటి చుట్టూ తీగను ఎనిమిది అంకెలా తిప్పి బిగిస్తారు. మోకాలు మడిచినప్పుడు తొడ కండరం లాగే లాగుడే ముక్కలను దగ్గరికి నొక్కుతుంది. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న పద్ధతి. లోపలి నుంచి తీగ పోనిచ్చే బోలు స్క్రూలూ ఉన్నాయి, వాటి కొసలు పైకి పొడుచుకు రావడం తక్కువ. చిప్ప నుజ్జయితే ప్లేటు వేసేవారూ ఉన్నారు. మోకాటి చిప్ప మీద చర్మం తప్ప పెద్దగా కండ ఉండదు, అందుకే తీగ గుచ్చుకోవడం, మళ్లీ తీయించడం తరచూ జరిగేదే.

అందరూ ఒప్పుకున్న పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకున్నందుకు, ఇంకోటి మెరుగ్గా ఉండేదన్న కారణంతో డాక్టరును నిర్లక్ష్యపరుడు అనలేమని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది.

నేనైతే కన్సెంట్ ఫారం (ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం) దగ్గర మొదలుపెడతాను. చికిత్సలో ముఖ్యమైన ఇబ్బందులు, వేరే పద్ధతులు రోగికి చెప్పాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. తీగ తర్వాత తీయాల్సి రావచ్చని మీకు చెప్పారా? లేక ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించారా? (మనవాళ్లు చదవకుండానే పెడతారు, అది వేరే సంగతి.) తర్వాత ఎక్స్‌రేలు. ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే పిన్ను వెనక్కి జారినట్టు కనిపిస్తున్నా, మీరు నొప్పి అంటున్నా పట్టించుకోలేదా? అలా అయితే కేసుకు బలం ఉంది.

కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు కావాలని మీ నాన్నగారి పేరుతో రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధన. హైదరాబాద్ డాక్టరు నోటి మాట పనికిరాదు, రాయించుకోండి. ఆయన రాయడానికి వెనకాడితే మీ కేసు బలం ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీరు ఆసుపత్రికి కట్టింది 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు.

తీగ తీయించడాన్ని మాత్రం కేసు కోసం ఆపకండి. ముందు రోజు ఒక ఎక్స్‌రే తీయించండి. తీసిన తీగ, పిన్నులు పారేయకుండా పేరు, తేదీ రాసిన కవరులో పెట్టి ఇమ్మని థియేటర్‌కు వెళ్లేముందే చెప్పండి.