బియ్యప్పాలు: పాలేనా, కడుగు నీళ్లా?

సందేహం: మా అబ్బాయికి పధ్నాలుగేళ్లు. పాలు పడవు. డాక్టరు గారు కొన్నాళ్లు మానేయమన్నారు. అందుకని బియ్యం నానబెట్టి, మిక్సీ పట్టి, గుడ్డలో వడకట్టి ఇస్తున్నాను. వాడు ఇష్టంగానే తాగుతున్నాడు. గొడవంతా పేరు దగ్గర వచ్చింది. నేను ‘రైస్ మిల్క్’ అంటాను. మావారు ‘బియ్యం పాలు’ అంటారు. మా అత్తగారేమో ‘ఇవేం పాలమ్మా, కడుగు నీళ్లు’ అని తీసిపారేస్తారు. వీటిని పాలు అనొచ్చా? అంటే బియ్యం పాలా, బియ్యప్పాలా, వరిపాలా? ‘పాలు చేశాను’ అనాలా, ‘తీశాను’ అనాలా? ఏమనాలో పాలుపోవడం లేదు.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారి మాట చూద్దాం. ఆవిడ వెటకారానికి అన్నా, వాడిన మాట మంచి మాట. కడుగు అంటే బియ్యం కడిగిన నీళ్లు. ‘కడుగు’ అనే క్రియే పేరుగా మారి కూర్చుంది. పాడి ఉన్న ఇళ్లలో కడుగు పారబోసేవారు కారు, కుడితి తొట్టిలో పోసేవారు. దానికి గంజి, తవుడు, కూరగాయల తొక్కలు కలిస్తే కుడితి. ఎలుక పడ్డది అందులోనే. మీ అత్తగారి లెక్కలో బియ్యంలోంచి వచ్చిన తెల్లనీళ్లు గేదె తాగాలి, గేదె పాలు మనవడు తాగాలి. మీరు మధ్యలో గేదెను తీసేశారు. ఆవిడకు మింగుడుపడనిది అదీ.

అయితే మీరు చేసేది కడుగు కాదు. కడుగులోకి వచ్చేది బియ్యం పైన అంటుకున్న పిండి మాత్రమే, గింజ గింజలాగే ఉంటుంది. మీరు గింజనే నలగగొడుతున్నారు. గంజి అనడానికీ లేదు. అన్నం ఉడికాక వార్చితే వచ్చేది గంజి. (కుక్కర్లు వచ్చాక మా విజయవాడలో గంజి వార్చే ఇల్లు కనబడటమే తక్కువ. చొక్కాలకు పెట్టే గంజి కూడా ప్యాకెట్లలో కొంటున్నాం.) ఆ గంజిని పులియబెడితే తరవాణి. పిండో నూకో నీళ్లలో కాస్తే జావ. బియ్యంలోంచి పుట్టే తెల్లటి ద్రవాలకు మనకు ఇన్ని పేర్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పని. పచ్చి బియ్యం నానబెట్టి రుబ్బి వడగట్టినదానికి మాత్రం మన వంటింట్లో పేరు లేదు. అట్లకో చలిమిడికో బియ్యం నానబెట్టడం ఉంది గానీ, ఆ నీళ్లే తాగడం లేదు. కాబట్టి ఇప్పుడు పేరు కావాలి. సందేహం న్యాయమైనదే.

చూడకుండా పేరు పెట్టడం ఎందుకని మొన్న మా ఇంట్లో నేనే చేసి చూశాను. కప్పు బియ్యం, నాలుగు కప్పుల నీళ్లు. బియ్యం బీపీటీలే. ఈ బీపీటీ అన్నది ఏదో కంపెనీ పేరనుకుంటారు చాలామంది. అది బాపట్ల. అక్కడ రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరికి, అంటే బీపీటీ 5204కి, కొట్లో జనం పెట్టుకున్న ముద్దుపేరు. నాలుగు గంటలు నాననిచ్చి, మిక్సీ పట్టి, పాత పంచె గుడ్డలో పోసి పిండాను. చూపుకు అచ్చం పాలే. చిటికెడు ఉప్పు, రెండు ఖర్జూరాలు వేస్తే రుచికీ ఫరవాలేదు. గ్లాసు గంటసేపు బల్ల మీద వదిలేశాను. అడుగున ముగ్గుపిండిలాగా తెల్లటి ముద్ద, పైన పలచటి నీళ్లు. పాలైతే పైన మీగడ కడతాయి, వీటికి బరువంతా కిందికే.

తర్వాత స్టవ్ మీద పెట్టాను. గరిట తిప్పుతూనే ఉన్నాను. కాస్త వేడెక్కాక గరిటకు పట్టడం మొదలైంది, ఇంకాసేపటికి చెంచాతో తినాల్సిన జావ అయి కూర్చుంది. బియ్యంలో చాలావరకు ఉన్నది పిండిపదార్థం. వేడినీళ్లు తగిలితే అది నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే ఈ పాలను ఆవుపాలలా ‘కాచి చల్లార్చి’ అని రాయడానికి వీల్లేదు. కాచిన క్షణం పేరు మారిపోతుంది. షాపులో డబ్బాల్లో అమ్మే రైస్ మిల్క్ పాలు చిక్కబడకుండా, చక్కెర వేయకపోయినా తియ్యగా ఉంటాయంటే, వాళ్లు ఎంజైములు వేసి ఆ పిండిని చక్కెరలుగా విడగొడతారు. అన్నం ముద్ద కాసేపు నమిలితే నోట్లో తీపి తగులుతుందే, అదే పని.

ఇక అసలు ప్రశ్న. పాలు అనొచ్చా? ‘తెల్లనివన్నీ పాలు కావు’ అని సామెత ఉంది కాబట్టి అనకూడదని కొందరు పెద్దలు నాతో వాదించారు. సామెత మోసపోవద్దని చెబుతోంది గానీ, మాటను గేదెకు రాసివ్వలేదు. మర్రిపాలు, జిల్లేడు పాలు, రబ్బరు పాలు ఎప్పటినుంచో పాలే. వేటికీ పొదుగు లేదు. కొబ్బరిపాలు లేని పండగ వంట లేదు. పక్కన తమిళంలో పాల్, కన్నడంలో హాలు, అంతా ఒకే ద్రావిడ ధాతువు. తమిళులూ కొబ్బరి దగ్గర ఆ మాటే వాడతారు. సంస్కృతమూ అంతే. తెల్లటి పాలు కారే మర్రి, రావి, మేడి, జువ్వి చెట్లను క్షీరవృక్షాలు అంది.

వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం మీకు బస్సు దిగితే కనిపిస్తుంది. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా మేనమామ గారి చేలో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. గట్టు మీద నిలబడి ఆయన పచ్చి కంకి ఒకటి తుంచి, గింజను రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కాడు. తెల్లటి చుక్క ఒకటి గోటి మీదికి వచ్చింది. ‘పాలు పోసుకుందిరా, ఇప్పుడు నీళ్లు తగ్గితే తాలు పోతాయి’ అన్నాడు. ఇవాళ్టికీ డెల్టాలో రైతులు, వ్యవసాయాధికారులు అదే మాట వాడతారు. పొట్ట దశ, ఈనిక దశ, పాలు పోసుకునే దశ. వరుస చూడండి. వరికి పొట్ట వస్తుంది, ఆ తర్వాత ఈనుతుంది, ఈనాక పాలొస్తాయి. చేనును కళ్లముందు గేదెను చేసి మాట్లాడిన భాష మనది. ఆ పాలే గట్టిపడి గింజవుతాయి, ఆరబెట్టి మర పట్టిస్తే బియ్యమవుతాయి. మీరు బియ్యాన్ని నానబెట్టి రుబ్బి మళ్లీ పాలు చేస్తున్నారు. కాబట్టి ‘పాలు’ అనడానికి మొహమాటం అక్కర్లేదు.

అందువల్లే ‘వరిపాలు’ మాత్రం వద్దంటాను. వరిపిండి, వరినూక అంటున్నాం కదా అని అడగొచ్చు. నిజమే, కానీ పాల విషయంలో ఆ చోటు చేను ముందే ఆక్రమించింది. వరిపాలు అంటే నాకు గోటి మీది ఆ చుక్కే కనిపిస్తుంది. ఇంగ్లిషులో రైస్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనకు పైరుగా ఉంటే వరి, పొట్టుతో ఉంటే వడ్లు, పొట్టు పోతే బియ్యం, విరిగితే నూక, ఉడికితే అన్నం. మీ మిక్సీలో పడేది బియ్యం. పేరూ దానిదే ఉండాలి.

బియ్యం పాలా, బియ్యప్పాలా? బియ్యం, బెల్లం, గుర్రం లాంటి ‘ము’తో ముగిసే తెలుగు మాటలు మరో మాట ముందు నిలబడితే ‘పు’ తెచ్చుకుంటాయి. గుర్రపు బండి, బెల్లపు పాకం, బియ్యపు గింజ. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఈ మార్పును, అంటే పుంప్వాదేశాన్ని, కర్మధారయం (విశేషణం, నామం కలిసే సమాసం) దగ్గర చెప్పాడు, మన నోరు దాన్ని అంతకంటే దూరం లాక్కెళ్లింది. తర్వాతి మాట పకారంతో మొదలైతే మధ్యలో ఉకారం జారిపోయి రెండు పకారాలు అతుక్కుంటాయి. బియ్యపు పిండి బియ్యప్పిండి అయింది అలాగే. ఆ లెక్కన బియ్యప్పాలు. బాదంపాలను బాదప్పాలు అనం కదా అంటే, అది పరాయి మాట, ఆ ‘అం’ మన ‘ము’ కాదు. మీవారి ‘బియ్యం పాలు’ తప్పేమీ కాదు, బియ్యంపిండి అనేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానీ రాసేటప్పుడు విడిగా రాస్తే ఒక చిక్కుంది. ‘బియ్యం పాలు పోశాను’ అంటే బియ్యమూ పాలూ అనిపించవచ్చు. బియ్యప్పాలు అంటే ఆ తగువు లేదు.

మాటలు తిరగేసి మాత్రం రాయొద్దు. తెలుగు సమాసంలో అసలు సరుకు చివర ఉంటుంది. బియ్యప్పాలు పాలు, పాలన్నం అన్నం.

పాలంటే గుర్తొచ్చింది, ఈ వంట రాసేవాళ్లు జారిపడే చోటు ఇంకొకటుంది. వంతు అనే అర్థంలో వేరే పాలు ఉంది. ‘ఒక పాలు బియ్యానికి నాలుగు పాళ్లు నీళ్లు’ అంటాం చూడండి, అది. దానికి ఏకవచనం ఉంది, బహువచనంలో పాళ్లు అవుతుంది. తాగే పాలకు ఏకవచనమే లేదు. నీళ్లలాగా, వడ్లలాగా పుట్టుకతోనే బహువచనం. నేలపాలు, అప్పులపాలు అనేవి వంతు పాలు. ‘పాలుపోవడం లేదు’ అని మీరు రాశారే, అవీ తాగే పాలు కావు, నిశ్చింతగా ఉండండి.

దీనివల్ల మీకు రోజూ పనికొచ్చే సంగతి ఒకటి. ‘రైస్ మిల్క్ చిక్కగా ఉంది’ అని అలవాటుపడ్డ నోరు ‘బియ్యప్పాలు చిక్కగా ఉంది’ అనేస్తుంది. ఈ మధ్య యూట్యూబు వంటల్లో ఈ మాట తెగ వినిపిస్తోంది. నాకు పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది. చిక్కగా ఉన్నాయి, అయిపోయాయి, ఒలికిపోయాయి. కాస్త అన్నం అంటాం, పాల దగ్గరికి వచ్చేసరికి కాసిని పాలు. ఈ తేడా మీ అత్తగారు నిద్రలో కూడా తప్పరు.

‘చేశాను’ తప్పు కాదు, కానీ ‘తీశాను’ అందం. కొబ్బరిపాలు తీస్తాం, మన ప్రాంతంలో గేదె దగ్గర కూర్చున్నా పాలు తీయడమే. పితకడం పొదుగుకే చెల్లుతుంది. తెలంగాణలో పాలు పిండుతారు. తమాషా ఏమిటంటే, మీరు గుడ్డ మెలిపెట్టి నిజంగా పిండుతున్నారు కాబట్టి ఆ క్రియ కూడా మీకే ఎక్కువ నప్పుతుంది.

డబ్బా మీద రాసే పేరు వేరే వ్యవహారం. 2017లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం మొక్కల నుంచి వచ్చే సరుకును పాలని అమ్మకూడదంది. కొబ్బరిపాల లాంటి కొన్నిటికి అక్కడి నిబంధనల్లో మినహాయింపుంది. మన దేశంలోనూ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థది దాదాపు ఇదే ధోరణి. అది కొనేవాడు మోసపోకుండా పెట్టుకున్న కట్టడి, మన వంటింటి మాటల మీద దాని పెత్తనం లేదు. అయితే చట్టం వెనకున్న సంగతి ఒకటి మీరూ గుర్తుపెట్టుకోవాలి. ఇందులో మాంసకృత్తులు ఆవుపాలతో పోలిస్తే బాగా తక్కువ. పధ్నాలుగేళ్లవాడికి పప్పో గుడ్డో ఉంటుంది కాబట్టి సరే, పేరు చూసి పసిబిడ్డలకు పాలబదులు పట్టొద్దు. నేను భాషవాణ్ణి, మిగతాది మీ డాక్టరు గారిని అడగండి.

అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటాయి, తాగేముందు సీసా బాగా కుదపాలి. వాసన వస్తే పారబోయండి. కానీ అప్పుడు ‘పాలు విరిగాయి’ అనకండి. విరగడానికి వాటిలో కేసీన్ అనే పాల మాంసకృత్తు లేదు. తోడు పెట్టినా పెరుగు కావు. ‘పులిశాయి’ అనండి. ఆ వాసన చూసి మీ అత్తగారు ‘తరవాణి’ అంటే మాత్రం ఎదురు చెప్పకండి, ఆ ఒక్క రోజుకి ఆవిడ మాటే దగ్గర.