మారియోకు మీసం ఎందుకు పెట్టారు?

ప్రశ్న: నాలుగో తరగతి చదువుతున్న మా అబ్బాయి నోటు పుస్తకం నిండా మారియో, సోనిక్ బొమ్మలే గీస్తున్నాడు. తానూ ఒకదాన్ని తయారుచేస్తానంటున్నాడు. ఈ వీడియో గేమ్ బొమ్మల్లో పిల్లల్ని అంతగా కట్టిపడేసేది ఏమిటి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చూడకుండా గీయగలుగుతున్నాడంటే, ఆ బొమ్మను రూపొందించినవారు సగం విజయం సాధించినట్టేనమ్మా. 1981లో ‘డాంకీ కాంగ్’ ఆట కోసం జపాన్ గేమ్ రూపకర్త షిగెరు మియమోటో మారియోను తయారుచేసినప్పుడు తెర మీద బొమ్మకు దొరికే చుక్కలు చాలా తక్కువ. వాటితో నోరు గీయడం కష్టం కనుక ముక్కు కింద మీసం పెట్టారు, కదిలే జుట్టును చూపలేరు కనుక టోపీ తొడిగారు, పరుగెత్తేటప్పుడు చేతుల ఊపు కనబడాలని చొక్కాకు వేరే రంగు ఇచ్చారు. శ్రీకాళహస్తి కలంకారీలో రంగులు అద్దకముందే, నల్లని గీతలోనే వినాయకుడెవరో హనుమంతుడెవరో తెలిసిపోయినట్టు, వెలుపలి గీతను బట్టే పోల్చుకోగలగడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

గుండ్రని ముఖం, పెద్ద కళ్లు ముద్దుగా ఉంటాయన్నది నిజమే కానీ, అవి మాత్రమే చాలవు. 1991లో వచ్చిన, ముళ్లపంది రూపంలో ఉండే సోనిక్‌ను చూడండి: వెనక్కి వాలిన ముళ్లు, ఎర్ర బూట్లు వేగాన్ని చెబుతాయి, బటన్ నొక్కకుండా కాసేపు ఊరుకుంటే మనవైపు చూస్తూ కాలితో నేలను తడతాడు. ఆ విసుగులో పిల్లలు తమ స్వభావాన్నే చూసుకుంటారు. పైగా వేలు కదిపిన క్షణంలోనే బొమ్మ ఎగరాలి. ఆ స్పందన ఆలస్యమైతే ఎంత అందమైన బొమ్మనైనా పక్కన పెట్టేస్తారు.

మీ అబ్బాయి చేత ముందు తన బొమ్మను నల్లరంగుతో నీడలా గీయించి, అది ఎవరో ఇంట్లోవాళ్లు పోల్చుకోగలరేమో అడిగి చూడమనండి.