సముద్రం పక్క ఇంట్లో దిగేముందు

అమ్మా సౌమ్యా,

హైదరాబాదు వదిలి విశాఖ వచ్చేస్తున్నారనీ, సముద్రం కనిపించే ఇల్లు అద్దెకు దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమే. ఈ కొలువు నీకెప్పుడో రావలసింది. కానీ బుజ్జిగాడి డస్ట్ ఎలర్జీ సంగతి ఆలోచించే ఆ ఇల్లు ఒప్పుకున్నారా? చిన్నప్పుడు నీ పిల్లికూతలకి ఇంటిల్లిపాదీ మేలుకునేవాళ్లం, నీకు గుర్తుండదు.

ముందు ఒక హైగ్రోమీటరు, అంటే గాలిలో తేమ కొలిచేది, కొని పడకగదిలో పెట్టు. గాలిలో తేమ ఎప్పుడూ 50 శాతం లోపే ఉంటే, ఎలర్జీ తెచ్చే డస్ట్ మైట్లు, అంటే దుమ్ములో ఉండే కంటికి ఆనని పురుగులు, బతకలేవు. 60 దాటి నిలబడితే గోడలకి బూజు మొదలవుతుంది, సాలెగూడు కాదు, చెమ్మకి పట్టే ఫంగస్. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు బయటే 70 పైమాట. కిటికీలు తీస్తే ఇల్లు ఆరిపోతుందన్న హైదరాబాదు లెక్క ముసురు పట్టినప్పుడు ఇక్కడ చెల్లదు. ఆ రోజుల్లో కిటికీలు మూసి ఏసీ డ్రై మోడ్‌లో గానీ, గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ గానీ నడపండి. వంటింట్లో, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను పని అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. తడిబట్టలు పడకగదిలో ఆరేస్తే మాత్రం నేనూరుకోను.

ఇంటాయన రంగులు వేయించి ఇస్తానన్నాడట. నాకు నిద్ర పట్టనిది అక్కడే. మన పాతింట్లో ఉత్తరపు గదికి ఏటా సంక్రాంతి ముందు జరిగిన తప్పు అదే. నల్లమచ్చలు గీకడం, పుట్టీ పెట్టడం, రంగు కొట్టడం. పండక్కి గోడ తళతళలాడేది, వానలు పడగానే పొక్కులు లేచేవి. లోపలి తడి పోకుండా పైన ప్లాస్టిక్ రంగు వేస్తే, ఆ తడి పొరని తోసుకుని బయటికొస్తుంది. పొడిగా గీకినప్పుడు లేచిన బూజు గింజలు గదంతా పరుచుకుంటాయి. ఎలర్జీ ఉన్న పిల్లాడికి మచ్చ కంటే ఆ గీకుడే ఎక్కువ చెరుపు.

అందుకని పెయింటరు రాకముందే ఈ పరీక్ష చెయ్యి. మచ్చ ఉన్నచోట రెండడుగుల చదరపు పాలిథిన్ షీటు పెట్టి, నాలుగంచులూ సందు లేకుండా టేపు వేసి 48 గంటలు వదిలెయ్. షీటుకి గోడ వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు: పైన డాబా కారుతోందో, పైపు పగిలిందో, పునాదిలోంచి చెమ్మ ఎక్కుతోందో చూడాలి. గది వైపు చెమ్మ పడితే తప్పు గది గాలిది, చల్లటి గోడకి తేమ తగిలి నీరవుతోంది. మొదటిదైతే కారే చోటు ముందు బాగుచేసి, తడిసిన ప్లాస్టరు కొట్టేసి, గోడ ఎండాకే కొత్తది పూయాలి. రెండోదైతే బీరువా, మంచం గోడకి ఆనించకుండా బెత్తెడు ఎడం ఉంచి, తేమ తగ్గిస్తే చాలు. గోడమీద తెల్లటి పొడి లేస్తుంటే అది ఉప్పు. ఎక్కడా కారకపోయినా ఆ ఉప్పే గాల్లోంచి తేమ లాగుతుంది. అలాంటి గోడకి ఎమల్షన్ అనే ప్లాస్టిక్ రంగు కంటే సున్నమే నయం, ఊపిరి తీసుకుంటుంది.

మూడడుగులకి మూడడుగులు మించని మచ్చయితే నువ్వే తుడవొచ్చు. బుజ్జిగాణ్ణి బయటికి పంపు. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, సబ్బునీళ్లలో ముంచిన స్పాంజితో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి ఆరనివ్వు. బ్లీచింగ్ కొడితే తెల్లబడుతుంది, అంతమాత్రాన పోయినట్టు కాదు. చచ్చిన బూజుకి కూడా తుమ్ములొస్తాయి, తుడిచి తీసేస్తేనే పోవడం.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. హీటరున్న మెషిన్ కొనుక్కో, బకెట్లో వేణ్నీళ్లతో పిల్లాడున్న ఇంట్లో వద్దు. పరుపుకీ దిండ్లకీ జిప్పుండే మైట్ కవర్లు తొడుగు. పరుపు ఎండలో వేస్తే ఆరుతుంది గానీ మైట్ల పెంట అందులోనే ఉంటుంది, ఎలర్జీ తెచ్చేది అదే. ఫ్యాను రెక్కలకి పాత గలీబు తొడిగి లాగు, దుమ్ము అందులోనే పడుతుంది. పొడి చీపురు మానేసి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిపించు. నేలమీద నీళ్లు కుమ్మరించొద్దు. బొద్దింకల రెట్ట కూడా ఎలర్జీయే, వాటికి స్ప్రే కాదు, జెల్ చుక్కలు పెట్టు. సాంబ్రాణి పొగ కొన్నాళ్లు దేవుడి గదిలోనూ వద్దు. దేవుడేమీ అనుకోడు.

పనిమనిషి ఎవరైనా సరే, మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పు: బాత్రూము యాసిడ్, బ్లీచింగ్ కలిపి వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది. ఆయాసం ఉన్న పిల్లాడు పక్కగదిలో ఉన్నా ప్రమాదమే. ఆ రెండు సీసాలూ ఒకే అరలో పెట్టకు. యాసిడ్ అసలు కొనకపోతే ఇంకా మంచిది. ఇది మాత్రం మర్చిపోకు తల్లీ, కావాలంటే అల్లుడు చేత బాత్రూము తలుపుకి కాగితం అంటించు.

ఇంటాయనకి ఫోను చేసి రంగులు ఆపమను. షీటు ఏవైపు తడిసిందో ఫోటో తీసి పంపు, అది చూశాకే పెయింటరు సంగతి.

మీ పెద్దమ్మ