చీకట్లో చాక్లెట్ డబ్బా

ప్రశ్న: నా వయసు 43. పన్నెండేళ్లు తాగాను. మానేసి ఎనిమిది నెలలైంది, మళ్లీ ముట్టుకోలేదు. కానీ 9 కిలోలు పెరిగాను. సాయంత్రమయ్యేసరికి తీపి కోసం నాలుక పీకేస్తుంది. పిల్లలు వాళ్ల గదిలో, ఆవిడ వంటింట్లో, నేనొక్కణ్నే టీవీ ముందు. స్వీట్లన్నీ అలమారలో పెట్టి తాళం వేస్తోంది. అందరూ పడుకున్నాక తాళంచెవి వెతుక్కుని తింటున్నాను. ఇంత కష్టపడి మానేస్తే ఒక్క మంచి మాట అనదు. రెండేళ్ల కిందట లివర్ రిపోర్టు దాచానని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. రాత్రి భోజనం మానేస్తే బరువు తగ్గుతానా? తీపి మీద యావ పోవడానికి ఏదైనా మందు ఉందా?

జవాబు: భోజనం మానకండి. ఇక మందు సంగతా? ఒక మందు మానేసి ఎనిమిది నెలలే అయింది, అప్పుడే ఇంకో మందు అడుగుతున్నారు.

బరువు గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది మీరు అనుకున్నంత పెద్ద సమస్య కాదు. ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలు, చక్కెరలో 4. రోజూ 180 మిల్లీలీటర్ల విస్కీ తాగే మనిషికి దాన్నుంచే దాదాపు 400 కేలరీలు వెళ్తాయి. అవి ఆగితే సన్నబడాలి కదా అనిపిస్తుంది. కానీ తాగే రోజుల్లో చాలామంది సరిగ్గా తినరు. మానేశాక ఆకలి తిరిగొస్తుంది, తిన్నది ఒంటబడుతుంది. పైగా మెదడులో మద్యం మీటే తీగనే తీపి కూడా మీటుతుంది, కాస్త మెల్లగా. అందుకే తాగుడు మానినవాళ్లలో చాలామందికి తీపి మీదికి మనసు పోతుంది. మానేసిన కొత్తలో తాగాలన్న కోరిక తట్టుకోలేక ఒక చాక్లెట్ నోట్లో వేసుకుంటే నేనైతే తప్పు పట్టను.

మూడు నాలుగు గంటలకోసారి వేళకు తినండి. గుడ్లు, పప్పులు, గింజల్లాంటివి ప్రతి పూటా ఉండాలి. సాయంత్రం ఐదింటికే కడుపులో ఏదో ఒకటి పడాలి. రాత్రి తిన్నాక అరగంట నడవండి. కడుపు మాడ్చుకుంటే మాత్రం అసలుకే మోసం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటితో జాగ్రత్త, మళ్లీ గ్లాసు దగ్గరికి చేర్చేవి ఇవేనని మానేసినవాళ్లకు డీ అడిక్షన్ కేంద్రాల్లో చెబుతుంటారు. భోజనం మానేసి మీరు మొదటిదాన్ని కొనితెచ్చుకోబోతున్నారు. మూడోది ఇప్పటికే మీ హాల్లో టీవీ ముందు కూర్చుని ఉంది.

అసలు సంగతి అక్కడుంది. తీపి సాయంత్రమే ఎందుకు గుర్తొస్తోంది? అది మీరు తాగే వేళ కాబట్టి. పన్నెండేళ్లు ఆ వేళకు మీరు ఇంట్లో లేరు, ఉన్నా లేనట్టే. మీరు లేకుండా సాయంత్రాలు గడపడం ఆ ముగ్గురో నలుగురో ఎప్పుడో నేర్చేసుకున్నారు. వంట, హోంవర్కు, వాళ్లలో వాళ్ల కబుర్లు, అన్నీ మీ అవసరం లేకుండానే నడుస్తాయి. ఇప్పుడు ఏడింటికల్లా ఇంటికొచ్చి నా చోటేదంటే ఎవరు చూపిస్తారు?

ఆవిడ మెచ్చుకోలేదని రాశారే, అక్కడ నాకు కోపం వచ్చింది, దాచుకోను. బాకీ తీర్చినవాడు రసీదు అడగొచ్చు, సన్మానం అడగకూడదు. ఎనిమిది నెలలు మాటలు కాదు, నేను తక్కువ చేయడం లేదు. కానీ మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమెను క్షమించమని అడిగినట్టు ఎక్కడా లేదు. మానేయడం వల్ల మీ లివర్‌కు మేలు జరిగింది. ఆమెకు చెప్పాల్సిన మాట ఇంకా అలాగే ఉంది.

తాళం విషయంలో ఆవిడదీ తప్పే. కట్టుకున్నవాడికి కాపలా కాయడం ఏ ఆడమనిషికీ గౌరవం కాదు. కాకపోతే ఒకప్పుడు సీసాలు వెతికి వెతికి అలవాటైన చేతులవి. అలవాట్లు మీకొక్కరికే ఉంటాయా? మీరైనా ఏం చేస్తున్నారు? తినేది చాక్లెట్ కావొచ్చు, తినే తీరు పాతదే. దొంగచాటుగా కానిచ్చి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకోవడం. ఆమె భయం మీ పొట్టను చూసి కాదండీ.

ఈ రాత్రే చెప్పేయండి, తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు, రోజూ తీసి తింటున్నానని. ఆ వెంటనే రిపోర్టు సంగతి కూడా మీరే ఎత్తండి. "భయమేసి దాచాను, తప్పు చేశాను" అంటే చాలు. "నువ్వు మాత్రం" అని మొదలుపెడితే మాత్రం చెప్పి ప్రయోజనం లేదు. ఆమె అరవొచ్చు, అసలు మాట్లాడకపోవచ్చు. ఓర్చుకోండి. రేపటి నుంచి సాయంత్రం ఒక పని మీ నెత్తిన వేసుకోండి, వంటో పిల్లల చదువో. సాయం చేస్తున్నట్టు కాదు, మీ పనిగా. తీపి తినాలనిపిస్తే భోజనమయ్యాక అందరి ముందు కూర్చుని ఒకటి తినండి.

ఇంకోటి. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు క్లోమం దెబ్బతిని షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. పరగడుపున షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, లివర్ పరీక్ష చేయించుకోండి. నిద్రకో టెన్షన్‌కో మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, వాటిలో కొన్ని ఆకలి పెంచుతాయి. మీ అంతట మీరు ఆపేయకండి. పరీక్షలకు వెళ్లేటప్పుడు ఆవిడను రమ్మని అడగండి. రానంటే ఒక్కరే వెళ్లండి. రిపోర్టు రాగానే, కవరు విప్పకుండా ఆమె చేతిలో పెట్టండి.