మందు వయల్ మీద 5000 యూనిట్లంటే మొత్తమా, ఒక ఎంఎల్‌కా?

ప్రశ్న: మేడమ్, నేను నర్సింగ్ స్టూడెంట్‌ని. క్లాసులో డోస్ లెక్కలు బానే చేస్తా, ఫార్ములా కూడా నోటికొచ్చు, కానీ వార్డులో సిరంజి పట్టుకోగానే బుర్ర పనిచేయదు. మొన్న అడ్రినలిన్ ఆంప్యూల్ మీద 1:1000 అని చూసి అక్కడే ఆగిపోయా. పర్సెంటేజీలన్నా ఇదే గోల. ఏం చేయమంటారు?

జవాబు: ఆగావు కదా, మంచిదే. ఆగకుండా లాగేసేవాళ్లంటేనే నాకు భయం. నీకు ఫార్ములా వచ్చు, ఇబ్బందంతా లేబుల్ చదవడం దగ్గరే. ముందు ఒక్క ఎంఎల్‌లో మందు ఎంతుందో తేల్చుకో, తర్వాతే లెక్క. జెంటామైసిన్ 2 ఎంఎల్‌లో 80 ఎంజీ ఉంటే ఎంఎల్‌కి 40, డాక్టర్ 60 రాస్తే ఒకటిన్నర ఎంఎల్, అంతే. హెపారిన్ దగ్గర మాత్రం జాగ్రత్త, 5 ఎంఎల్ వయల్ మీద 5000 యూనిట్లు, పక్కన 'ఎంఎల్‌కి' అని ఉంటే అది ఒక్క ఎంఎల్‌కే, వయల్ మొత్తానికి అనుకుని అంతా లాగావంటే 25000 వెళ్తుంది, అంటే ఐదు రెట్లు!

1:1000 అంటే 1000 ఎంఎల్‌లో ఒక గ్రాము, అంటే ఎంఎల్‌కి 1 ఎంజీ. 1:10000 అయితే ఎంఎల్‌కి 0.1 ఎంజీయే, సున్నా పెరిగితే మందు పలచనవుతుంది, చాలామంది ఇక్కడే తిరగేసుకుంటారు. పర్సెంట్ ఇంకా ఈజీ, 100 ఎంఎల్‌లో ఎన్ని గ్రాములో అది, కాబట్టి 10తో గుణిస్తే ఎంఎల్‌కి ఎన్ని ఎంజీలో వచ్చేస్తుంది, 2 శాతం లిగ్నోకైన్ అంటే 20 ఎంజీ.

ఇన్సులిన్‌కి లెక్క కన్నా సిరంజి ముఖ్యం. ఎంఎల్‌కి 40 యూనిట్లుండే వయల్‌ని, ఎంఎల్‌కి 100 యూనిట్ల లెక్కన గీతలున్న సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. పొడి మందుల్లో 10 ఎంఎల్ నీళ్లు కలిపితే మొత్తం 10 కన్నా కాస్త ఎక్కువే అవుతుంది, పిల్లల డోసుల్లో ఆ కాస్తే తేడా కొడుతుంది, లోపలున్న కాగితం చదివి కలుపు.

లెక్క వేసే ముందే సుమారుగా ఎంత రావాలో మనసులో అనుకో, ఆన్సర్ నాలుగు ఆంప్యూల్స్ అని వచ్చిందంటే ఆర్డర్ మళ్లీ చూడు. ఇంకొకరితో చెక్ చేయించేటప్పుడు నీ ఆన్సర్ మాత్రం ముందు చెప్పకు. నేను కొత్తలో ఒక సీనియర్‌ని "ఒకటిన్నరే కదక్కా" అని అడిగితే ఆవిడ సిరంజి వంక చూడకుండానే ఊఁ అంది.