అడవి పందికి 308లో 150 గ్రెయిన్లా, 180 గ్రెయిన్లా?

308 విన్చెస్టర్ రైఫిల్‌తో పందుల వేటకు 150 గ్రెయిన్ల తూటా చాలా, 180 కొనాలా అని అడిగారు. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత. బరువు కన్నా ముందు బుల్లెట్ ఎలాంటిదో చూడండి. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

మొదట్లో జింకలకు వాడే 150 గ్రెయిన్ల ప్లాస్టిక్ మొన బుల్లెట్లే పందులకూ వాడాను. ఆడ పందులు ఉన్నచోటే కూలేవి. ఒక సాయంత్రం ముదురు మగపంది ఒంటరిగా వచ్చింది. అరవై మీటర్లు కూడా లేదు. జబ్బ మీద కొట్టాను. ముందుకాళ్ళ మీద కూలబడి, లేచి పొదల్లో దూరింది. అది నిలబడ్డ చోట నాలుగు ముతక వెంట్రుకలున్నాయి, నెత్తుటి చుక్క లేదు. మర్నాడు పొద్దున గానీ దొరకలేదు. కోసి చూస్తే జబ్బ తోలు కింద బొటనవేలంత మందాన గట్టి పొర. పోట్లాటల్లో కోరలు దిగకుండా ముదురు మగపందులకు అక్కడ అలా కవచంలా పెరుగుతుంది. రాగి తొడుగు చీలికలై అందులోనే ఇరుక్కుంది. ఒక చిన్న ముక్క మాత్రం ఊపిరితిత్తిని తాకింది. ఆ జంతువు ఎంతసేపు యాతన పడిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

అప్పట్నుంచి 165 గ్రెయిన్ల బాండెడ్ బుల్లెట్లే వాడుతున్నాను, అంటే దాదాపు 10.7 గ్రాములు. లోపలి సీసం తొడుగుకు అతికి ఉంటుంది కాబట్టి ముక్కలవకుండా పుట్టగొడుగులా విచ్చుకుని అవతలికి పోతుంది. అవతలి రంధ్రం పడాల్సిందే. ఇవతలిదాన్ని పంది కొవ్వు మూసేస్తుంది, నెత్తురు బయటికి రాదు, జాడ దొరకదు. పూర్తి రాగి బుల్లెట్ కూడా మంచిదే, మాంసంలో సీసం కలవదు. అందులో అయితే 150 చాలు. రాగి బుల్లెట్ విచ్చుకోవాలంటే వేగం కావాలి, తేలికది వేగంగా పోతుంది. బాండెడ్‌లో 180 తీసుకున్నా తప్పులేదు గానీ, భుజానికి తన్ను ఎక్కువ. దానికి బెదిరి ట్రిగ్గర్ గుంజితే గురి చెడుతుంది. మొన దాకా లోహపు తొడుగున్న ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్ మాత్రం వద్దు. విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి దూసుకుపోతుంది. చాలాచోట్ల వేటకు నిషేధం కూడా.

పంది గుండె మనం అనుకున్నదానికన్నా కిందికి, ముందుకి ఉంటుంది. జింకకు కొట్టినట్టు జబ్బ వెనక కొడితే కడుపులో తగులుతుంది. పక్కకు తిరిగి నిలబడితే ముందుకాలి వెంట పైకి చూసి, ఒంటి ఎత్తులో కింది మూడోవంతున పెట్టండి.

రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొని వంద మీటర్లలో కాల్చి చూడండి. మీ రైఫిల్‌కు ఏది దగ్గరదగ్గరగా పడితే అదే మీది. దానితో మళ్ళీ జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేసుకోండి. నేను 150 నుంచి 165కి మారినప్పుడు తూటాలు పడే చోటు నాలుగు వేళ్ళు కిందికి దిగింది.