చేర్యాల బొమ్మలో గీతకు జీవం రావాలంటే ఏ సాధన చేయాలి, ఎంతకాలం చేయాలి?

అడిగినవారి పరిస్థితి క్లుప్తంగా: జనగామ దగ్గర ఉంటారు, ఏడాదిగా ఇంట్లోనే చేర్యాల పద్ధతిలో, అంటే బట్ట మీద కథల బొమ్మలు వేసే తెలంగాణ పద్ధతిలో, బొమ్మలు వేస్తున్నారు. రోజూ తప్పకుండా కూర్చుంటున్నారు. రంగులు కుదురుతున్నాయి గానీ చివర్లో వేసే నల్లగీత మాత్రం వణుకుతోంది, పాలిపోతోంది. "నా చేతిలో ఆ కళ లేదేమో, ఇక మానేయాలా?" అని అడిగారు.

మానేయకండి. మీరు కష్టపడట్లేదని కాదు, కష్టమంతా ఒకచోట పెడుతున్నారు, లోపం ఇంకోచోట ఉంది. గీత బాగాలేదని గీతనే మళ్ళీమళ్ళీ గీస్తారు చాలామంది. గీతను పాడుచేసేవి నాలుగు: కింద ఉన్న పూత, కుంచెలోని మసి (నల్లరంగు), ఎరుపు నింపిన తీరు, ఆ తర్వాతే చెయ్యి. ఈ వరుసలోనే వెతకండి.

పూత నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. చేర్యాలలో నకాషీలు (తరతరాలుగా ఈ బొమ్మలు వేసే చిత్రకారులు) ఖాదీ బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురునీళ్ళు కలిపి మూడుసార్లు పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. ఇంట్లో ఒక మీటరు బట్టకు ఈ లెక్కతో మొదలుపెట్టొచ్చు: చింతగింజలు 100 గ్రాములు, సుద్దమట్టి 400 గ్రాములు, చిక్కటి గంజి ఒక గ్లాసు, తుమ్మబంక 30 గ్రాములు. గింజల్ని దోరగా వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. లీటరున్నర నీళ్ళు పోసి సన్నసెగ మీద అరగంటకు పైగా కలుపుతూ ఉడికించాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, ఆ మాడు ముక్కలు తర్వాత పూతలో గరుకై కుంచెకు తగులుతాయి. సుద్దను కూడా ముందురోజే నానబెట్టి పల్చని బట్టలో వడకట్టాలి. తుమ్మబంక 150 మిల్లీలీటర్ల నీళ్ళలో రాత్రంతా కరగాలి, వేడినీళ్ళు పోసి తొందరపెడితే గడ్డలు మిగులుతాయి. అన్నీ కలిపాక దోసెల పిండి కన్నా కొంచెం పల్చగా ఉండాలి.

బట్టను ముందుగా వట్టి నీళ్ళలో ఉడికించి, కొత్తబట్టకు ఉండే గంజంతా వదిలించి ఆరబెట్టండి. ఆ గంజి ఉంటే మొదటి పూత నూలులోకి దిగదు, పైపైన తెరలా నిలబడి కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. మొదటి పూత బాగా పల్చగా, నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది మళ్ళీ నిలువుగా. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలో బట్టను బయటే వదిలేయకండి. పైభాగం ముందు బిగుసుకుపోతుంది, లోపల తడి ఉంటుంది, ఆరేకొద్దీ సన్నటి పగుళ్ళు వస్తాయి. పొద్దుటి ఎండ చాలు, తర్వాత నీడలోకి తెచ్చి మరునాటి దాకా ఉంచండి. వానాకాలంలో ఇబ్బంది వేరు. చింతగింజల అంబలికి బూజు త్వరగా పడుతుంది, కాబట్టి ఆ నెలల్లో ఒక్కరోజుకు సరిపోను మాత్రమే ఉడికించుకోండి. మూడో పూత ఆరాక నున్నటి గులకరాయితో చిన్నచిన్న చుట్లుగా రుద్దండి. అరచెయ్యి పెడితే సుద్ద అంటకూడదు.

బొమ్మ మొదలుపెట్టే ముందు బట్ట అంచున రెండు పరీక్షలు చేయండి. ఒక నీటిబొట్టు వేయండి. వెంటనే ఇంకి చుట్టూ పాకితే జిగురు తక్కువైంది, ఆ బట్ట మీద ఎంత చెయ్యి తిరిగినవారు గీసినా గీత అంచులు పీచుపీచుగా పోతాయి. బొట్టు గోళీలా నిలబడిపోతే జిగురు ఎక్కువైంది, కుంచె జారుతుంది, గీత మధ్యమధ్యలో తెగుతుంది. నెమ్మదిగా, పాకకుండా ఇంకాలి. రెండోది, అంచును వేలి లావు కర్రకు చుట్టి విప్పండి. తెల్లటి పగుళ్ళు కనిపిస్తే సుద్ద గానీ జిగురు గానీ మోతాదు మించింది. చుట్టి పెట్టుకునే పటానికి ఈ పరీక్ష తప్పనిసరి. మీరు రాసిన "పాలిపోయిన గీత" లక్షణం చూస్తే సగం కారణం ఇక్కడే ఉందని నా అంచనా.

ఇక నలుపు. దీపం మసి నీళ్ళతో కలవదు, పైన తేలుతుంది. చాలామంది నీళ్ళలో మసి వేసి వేలితో తిప్పి, కలిసిందనుకుంటారు. ముందు చిక్కటి జిగురునీళ్ళు నాలుగు చుక్కలు మాత్రమే వేసి, రాతి మీద ముద్దలా నూరండి, కనీసం పావుగంట. మసిలోని ప్రతి రేణువుకూ జిగురు పట్టాక ముద్దకు మెరుపొస్తుంది, అప్పుడు నీళ్ళు చుక్కచుక్కగా కలపండి. ఒక గీత గీసి ఆరాక వేలితో రుద్దండి. నలుపు అంటితే జిగురు చాలలేదు. గీత మెరుస్తూ, వంచినప్పుడు చిట్లితే ఎక్కువైంది. కుంచె ముంచాక గిన్నె అంచుకు రెండువైపులా ఆనించి మొన తీయండి. మొన తీయడానికి నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఈరోజే మానండి. పాతకాలం ఎరుపైన ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. దాన్ని పొడిగా నూరడం కూడా చేయకూడదు.

సంప్రదాయ కుంచె ఉడుత వెంట్రుకలది. అది తడిని చాలా పట్టుకుంటుంది, నిదానంగా వదులుతుంది, పొడుగు గీతకు బాగుంటుంది. కానీ వంగితే తనంతట తాను నిలబడదు, చెయ్యే నిలబెట్టాలి. బజారులో దొరికే నైలాన్ కుంచె వెంటనే నిలబడుతుంది గానీ మసిని ఒక్కసారిగా వదిలేస్తుంది, అందుకే గీత మొదట లావుగా, చివర ఎండిపోయి ఉంటుంది. మీది నైలాన్ అయితే చెయ్యి వణుకు అనుకుంటున్నది నిజానికి ఇదే కావచ్చు.

ఎరుపు గురించి ఎవరూ అడగరు, కానీ బొమ్మ చచ్చిపోయేది చాలాసార్లు అక్కడే. చేర్యాల పటంలో వెనకభాగమంతా ఎరుపు. ఆ ఎరుపు నింపేటప్పుడు బొమ్మ అంచు దాటి లోపలికి ఒక నూలు మందం తినేస్తాం. మణికట్టు దగ్గర అటు ఒక నూలు, ఇటు ఒక నూలు పోతే చెయ్యి పుల్లలా అవుతుంది. తర్వాత దాని చుట్టూ ఎంత మంచి గీత గీసినా ఆ పుల్లకే గీస్తారు. కాబట్టి అంచుల వెంట ఎరుపును సన్నకుంచెతో, బొమ్మ వైపు నుంచి బయటికి లాగుతూ వేయండి. మధ్య భాగాన్ని తర్వాత పెద్దకుంచెతో నింపండి. మెడ, మణికట్టు, చీలమండ: ఈ మూడుచోట్లా ఆగి చూసుకోండి.

ఇవన్నీ సరైనాక చెయ్యి. రోజుకు 40 నిమిషాలు, బొమ్మ వేయకుండా గీతలకే కేటాయించండి. పాత న్యూస్‌పేపరు చాలు, పూత పూసిన బట్ట వృథా చేయొద్దు. నేల మీద కూర్చుని, పొడుగు గీతకు మోచెయ్యి గాల్లో ఉంచి భుజం నుంచి లాగండి. పొట్టి గీతకు చిటికెనవేలు ఆనించండి. చీర కుచ్చిళ్ళలాంటి సమాంతర గీతలు, మీసం మెలిక, బుగ్గ నుంచి గడ్డం దాకా దిగే వంపు, కనురెప్ప, ఈ నాలుగూ వస్తే బొమ్మలో పెద్దభాగం వచ్చినట్టే. వంపు మీ చేతికి ఎదురు తిరిగితే కాగితాన్ని తిప్పండి, మణికట్టును మెలిపెట్టకండి.

కనురెప్ప ఒక్కటి దగ్గరగా చూద్దాం. ముక్కు వైపు మొన మాత్రమే ఆనించి మొదలుపెట్టాలి. మధ్యకు వచ్చేసరికి కుంచెను కొద్దిగా నొక్కాలి, చెవి వైపు పోయేకొద్దీ ఎత్తేస్తూ గాల్లోనే ముగించాలి. కుంచె బట్ట మీద ఆగి ముగిస్తే చివర చుక్కలా గడ్డ కడుతుంది, ఆ గడ్డ వల్లే చూపు మొద్దుబారుతుంది. గీస్తున్నప్పుడు మొనను కాదు, గీత ఎక్కడ ముగియాలో ఆ చోటును చూడండి, వణుకు సగం తగ్గుతుంది. తప్పుపోతే దానిమీదే మళ్ళీ గీయొద్దు. పక్కన కొత్తది గీయండి. దిద్దడం అలవాటైన చెయ్యి మొదటిసారి గీసేటప్పుడే భయపడుతుంది.

నెలంతా ఒకే బొమ్మ తీసుకోండి. మొదటి వారం పాత పటం ఫొటో మీద పల్చటి కాగితం వేసి అచ్చు దించండి. రెండో వారం ఫొటో పక్కన పెట్టుకుని చూసి గీయండి. మూడో వారం నుంచి ఫొటో మూసేసి గుర్తుతో గీసి, తర్వాత తెరిచి పోల్చండి. ఒక్కో రోజు మూడు తేడాలు మాత్రమే గుర్తించి రాసుకోండి, పది రాసుకుంటే ఒక్కటీ సరిచేయలేరు. కాగితాలన్నింటికీ తేదీ వేసి దాచండి. మూడో నెలకో నాలుగో నెలకో "ముందుకన్నా ఘోరంగా గీస్తున్నా" అనిపించే దశ తప్పకుండా వస్తుంది. అప్పటికి కన్ను చేతికన్నా ముందుకు వెళ్ళి ఉంటుంది, నిన్న కనపడని తప్పులు ఇవాళ కనపడతాయి. ఎక్కువమంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే, బాధ కూడా అదే. పాత తేదీల కాగితాలు తీసి పక్కన పెట్టుకుంటే మీకే తెలుస్తుంది.

పాత పటాలు చూడకుండా ఈ పద్ధతి పూర్తిగా పట్టుబడదు. ఇవి గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పినా, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పినా, పటం విప్పి ఒక్కో గడి చూపిస్తూ కథ చెప్పేవారు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు, మొదట్లో వినాయకుడు. దూరంగా కూర్చున్నవారికి కూడా ఎవరు ఎవరో తెలియాలి, అందుకే ఆ ఎరుపు, ఆ నల్లగీత. మీ బొమ్మనూ అలాగే పరీక్షించండి. తగిలించి 15 అడుగుల దూరం వెళ్ళి చూడండి. అక్కడినుంచి చేతుల కదలిక తెలియకపోతే నగల మీద పెట్టిన పనంతా దండగ. హైదరాబాద్‌లోని జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియంలో పాత తెలంగాణ పటాలు ఉన్నాయి. మీకు చేర్యాల ఎలాగూ దగ్గరే, అక్కడ ఇప్పటికీ ఈ పని చేస్తున్న నకాషీ కుటుంబాలున్నాయి. వెళ్తే బొమ్మ చూపించి ఎలా ఉందని అడగొద్దు, మర్యాదకు బాగుందంటారు. పూత పూసేరోజు వచ్చి పక్కన కూర్చోవచ్చా అని అడగండి.

ఎంతకాలం అంటే, పూత నిలకడగా రావడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ చూడాలి, అంటే ఏడాది. గీతకు ఆపైన ఇంకో రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యపోకండి. ఈలోగా ఆర్డర్లు వస్తే చిన్నవే తీసుకోండి. తొందరగా ఇవ్వాల్సిన పనిలో మొదట కోతపడేది పూత ఆరే సమయమే.

ఈ వారం ఒక మీటరు బట్ట తీసి నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి బంక మోతాదు కొంచెం మార్చి పూసి చూడండి. నాలుగింటి మీదా ఒకే కుంచెతో, ఒకే మసితో ఒకే కనురెప్ప గీయండి. అప్పటికీ గీత పాలిపోతే ఫొటోతో పాటు ఏ ముక్కకు ఎంత బంక పడిందో, ఒక్కో పూత ఎన్ని గంటలు ఆరిందో కూడా ఇక్కడే రాయండి. అవి తెలియకుండా వట్టి గీత చూసి కారణం చెప్పడం కుదరదు.